ఉల్లిపాయ, నిమ్మచెక్క, స్టీలు గ్లాసు: ఇంటి వస్తువులతో నిశ్చల చిత్రం వేయడం ఎలా?

ఒక నిమ్మకాయను అడ్డంగా కోసి, ఒక చెక్కను బల్ల మీద పెట్టి చూడండి. కాసేపటికే కోసిన ముఖం మీది తడి మెరుపు తగ్గుతుంది. ఇంకొంత సేపటికి తొనల మధ్య పొరలు పైకి తేలి, గుజ్జు లోపలికి కుంగడం మొదలవుతుంది. సాయంత్రానికి అది వేరే నిమ్మచెక్క. దాని పక్కనున్న ఉల్లిపాయ మాత్రం వారమైనా దాదాపు అలాగే ఉంటుంది. స్టీలు గ్లాసు ఎన్నేళ్లకీ మారదు, కానీ కిటికీలోంచి వచ్చే వెలుగు జరిగిందంటే దాని మీది ప్రతిబింబాలన్నీ తారుమారవుతాయి.

ఇంట్లో వాడే వస్తువులనూ తినే పదార్థాలనూ ఒకచోట అమర్చి వేసే బొమ్మను నిశ్చల చిత్రం అంటాం. ఫ్రెంచివారు పెట్టిన పేరుకు ‘మృత ప్రకృతి’ అని అర్థం. ఈ పేర్లు నన్ను చాలాకాలం తప్పుదారి పట్టించాయి. కదలని వస్తువులే కదా, తీరిగ్గా వేసుకోవచ్చులే అనుకొని నాకు తేలికైన చోట మొదలుపెట్టేదాన్ని. గ్లాసు చక్కగా కుదిరేది. అప్పటికి నిమ్మచెక్క ఎండిపోయి ఉండేది. ఆ ఎండిన ముఖాన్ని చూస్తూ తాజాదనాన్ని ఊహించి వేస్తే బొమ్మలో ఆ ఒక్క ముక్క అబద్ధంలా కనబడేది. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది: ఏది త్వరగా మారుతుందో దాన్ని ముందు వేయండి. మారనిదాన్ని చివరికి ఉంచుకోండి.

యాక్రిలిక్ రంగులను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. నీటి రంగులకూ నూనె రంగులకూ పద్ధతి మారే చోట విడిగా చెబుతాను.

వస్తువులు ఎంచుకోవడం

మూడు చాలు. ఒకటి మెరవని గరుకుది, ఒకటి మెరిసేది, ఒకటి మారిపోయేది. మన బొమ్మకు ఉల్లిపాయ, స్టీలు గ్లాసు, సగానికి కోసిన నిమ్మకాయ. వీటి ఎత్తులు వేరు, పైపొరలు వేరు, రంగులు వేరు. కింద పరచడానికి ముదురు రంగులో సాదా గుడ్డ ఒకటి ఉంటే మంచిది. పూలూ గళ్లూ ఉన్న గుడ్డ మొదటి బొమ్మకు వద్దు. మడతల్లో ఆ గళ్లు ఎటు వంగాయో తేల్చుకోవడానికే రోజంతా పోతుంది.

అందమైన వస్తువు కోసం వెతకకండి. నలిగిన గరిటె, అంచు పగిలిన కప్పు, చుట్టలు చుట్టి పెట్టిన తాడు, సగం తిన్న రొట్టె, అన్నీ పనికొస్తాయి. 1667లో ఫ్రాన్సులో ఆండ్రే ఫెలిబియాన్ అనే కళా సిద్ధాంతకర్త చిత్రకళా విషయాలకు అంతస్తులు కట్టినప్పుడు, చరిత్ర ఘట్టాలకు పై మెట్టు ఇచ్చి, ప్రాణం లేని వస్తువులను అట్టడుగు మెట్టున పెట్టాడు. ఆ తర్వాత 1728లో ఆ దేశపు రాజ చిత్రకళా అకాడమీయే జాన్ సిమియోన్ షార్డాన్ అనే చిత్రకారుణ్ని సభ్యుడిగా చేర్చుకుంది. అతను చూపించిన బొమ్మల్లో ఒకటి వంటింటి గోడకు వేలాడదీసిన టేకి చేప. ఆపైన అతను రాగి గిన్నెలు, ఉల్లిపాయలు, నీళ్ల గ్లాసు, వెల్లుల్లి పాయలు వేసుకుంటూ దశాబ్దాలు గడిపాడు. ఆ బొమ్మల ముందు నిలబడితే వెల్లుల్లి కంటే ఘనమైన విషయం ఇంకేం కావాలనిపిస్తుంది.

మూడు వస్తువులు కూడా ఎక్కువనిపిస్తే ఒకటే వేయండి. 1880లో ఫ్రెంచి చిత్రకారుడు ఎడ్వార్ మానే ఆస్పరాగస్ అనే కూర కాడల కట్టను చిత్రించి 800 ఫ్రాంకులు అడిగాడు. కొన్న షార్ల్ ఎఫ్రుస్సీ 1,000 ఫ్రాంకులు పంపాడు. మానే మరో చిన్న క్యాన్వాస్ మీద ఒకే ఒక్క కాడను వేసి, ‘మీ కట్టలో ఇది తగ్గింది’ అన్న అర్థం వచ్చేలా చీటీ రాసి పంపాడు. బల్ల అంచున పడుకున్న ఆ ఒంటికాడ బొమ్మ ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.

నిమ్మకాయను ఇప్పుడే కోయకండి. అమరిక, కొలతలు, వెలుగు, అన్నీ కోయని కాయతోనే చూసుకోవాలి. కోయడం మాత్రం రంగులు సిద్ధమయ్యాకే.

వెలుగు ఒక్క వైపు నుంచే

గదిలో పై దీపాలు ఆర్పేయండి. రెండు వైపుల నుంచి వెలుగు పడితే ప్రతి వస్తువుకూ రెండు నీడలు వస్తాయి, గుండ్రదనం చచ్చిపోతుంది. కిటికీ పక్కన బల్ల వేసి, వస్తువుల మీద వెలుగు ఎడమ నుంచో కుడి నుంచో కాస్త పై నుంచి పడేలా చూసుకోండి. మీ వెనక నుంచి పడే వెలుగులో నీడలు వస్తువుల వెనక్కి దాక్కుంటాయి కాబట్టి వేయడానికి ఏమీ మిగలదు.

నేరుగా ఎండపడే కిటికీ అయితే చిక్కే. సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. మీరు గ్లాసు గీసేసరికి నీడ ఇంకో వైపు తిరిగి ఉంటుంది. చిత్రకారులు భూమధ్యరేఖకు ఉత్తరాన ఉత్తరం కిటికీని, దక్షిణాన దక్షిణం కిటికీని కోరుకోవడానికి కారణం ఇదే. ఆ వైపు నుంచి ఎండ కాక ఆకాశపు వెలుగు వస్తుంది, అది నెమ్మదిగా మారుతుంది. అలాంటి కిటికీ లేకపోతే బల్లదీపం పెట్టుకోండి. దీపపు వెలుగు కదలదు కాబట్టి కొత్తవారికి నేను దాన్నే చెబుతాను. పెద్ద అట్టపెట్టె ఒకటి తీసుకొని ముందుభాగం, దీపం ఉండే పక్క కోసేసి, వస్తువులను అందులో పెడితే గదిలోని మిగతా వెలుగు లోపలికి రాదు. నీడలు శుభ్రంగా పడతాయి.

మీ కాగితం మీద పడే వెలుగు కూడా చూసుకోండి. వస్తువుల మీద పసుపు దీపం, కాగితం మీద తెల్ల దీపం ఉంటే మీరు కలిపే ప్రతి రంగూ తప్పుతుంది.

అమర్చడం

ఇక్కడ గంట గడిచినా తొందరపడకండి. ఇక్కడ కుదరని బొమ్మను కుంచె ఎంత బాగా ఆడినా నిలబెట్టలేదు.

గ్లాసును మధ్యలో పెట్టకండి, కాస్త పక్కకు జరపండి. ఉల్లిపాయను దాని ముందుకు తెచ్చి, గ్లాసులో కొంత భాగం కప్పేలా ఉంచండి. ఒకటి ఇంకోదాన్ని కప్పితేనే ఏది ముందో ఏది వెనకో కంటికి తెలుస్తుంది. రెండు వస్తువుల అంచులు సరిగ్గా తాకీ తాకకుండా ఉంటే మాత్రం కన్ను అక్కడే ఇరుక్కుపోతుంది. కప్పితే బాగా కప్పాలి, లేదా మధ్యలో ఖాళీ వదలాలి. నిమ్మకాయను కొంచెం దూరంగా, వెలుగు వైపు పెట్టండి. కోశాక ముఖం వెలుగును పట్టేలా, అదే సమయంలో మీకు పూర్తి గుండ్రంగా కనబడకుండా ఓరగా తిప్పుకోవాలి.

ఖాళీ స్థలం కూడా అమరికలో భాగమే. స్పెయిన్ చిత్రకారుడు హువాన్ సాంచెజ్ కోటాన్ సుమారు 1602లో వేసిన బొమ్మలో ఒక క్విన్స్ పండు (ఆపిల్‌ను పోలినది), ఒక క్యాబేజీ దారాలకు వేలాడుతుంటాయి, ఖర్బూజా దోసకాయా కిటికీ అంచున ఉంటాయి. కుడివైపు పై సగమంతా నల్లటి ఖాళీ. ఆ ఖాళీ వల్లే నాలుగు కూరగాయలకు అంత గాంభీర్యం వచ్చింది.

అట్టముక్కలో మీ కాగితం నిష్పత్తిలోనే చిన్న కిటికీ కోసుకోండి. కాగితం 20 సెంటీమీటర్లకు 25 అయితే కిటికీ 4 సెంటీమీటర్లకు 5. ఒక కన్ను మూసి అందులోంచి చూస్తూ దగ్గరకీ దూరానికీ జరపండి. బొమ్మ హద్దులు ఎక్కడ తెగాలో అప్పుడు తెలుస్తుంది. మొదటిసారి చూసేవారిలో చాలామంది వస్తువుల చుట్టూ అవసరానికి మించిన ఖాళీ వదులుతారు. కాగితం మీద వస్తువులు అసలు పరిమాణానికి దగ్గరగా ఉంటే కొలతలు తేలిక.

అమరిక కుదిరాక ప్రతి వస్తువు అడుగు చుట్టూ సుద్దతో గీత గీయండి. మీ కుర్చీ కాళ్ల దగ్గర టేపు ముక్కలు అంటించండి. ఇటలీ చిత్రకారుడు జార్జో మొరాండి బొలోన్యా నగరంలోని తన గదిలో అవే సీసాలనూ డబ్బాలనూ ఏళ్ల తరబడి వేశాడు. అతని బల్ల మీది కాగితాల నిండా వస్తువుల అడుగుల చుట్టూ గీసిన గుర్తులే. మెరుపు అడ్డొస్తుందని కొన్ని సీసాలకు మెరవని రంగు కూడా పూసేవాడు.

ఇప్పుడొక ఫోటో తీసి పెట్టుకోండి, ఏదైనా జరిగితే మళ్లీ అమర్చుకోవడానికి. దాన్ని చూసి మాత్రం రంగులు వేయకండి. కన్ను నీడలో చూసే రంగులను కెమెరా తరచు నల్లగా ముద్ద చేస్తుంది.

గీత

పెన్సిల్ గీత లేతగా ఉండాలి. ముందు మూడు వస్తువులూ కలిసి ఏ ఆకారంలో ఉన్నాయో నాలుగైదు తిన్నని గీతల్లో పట్టుకోండి. కొలవడానికి కుంచె కర్రను చెయ్యి పూర్తిగా చాచి పట్టుకొని, ఒక కన్ను మూసి, గ్లాసు వెడల్పును బొటనవేలితో గుర్తించండి. ఆ వెడల్పు ఎత్తులో ఎన్నిసార్లు పడుతుంది? ఉల్లిపాయ ఎత్తు గ్లాసులో ఎక్కడికి వస్తుంది? మోచెయ్యి వంగితే కొలత మారిపోతుంది, జాగ్రత్త.

గ్లాసు నోరు గుండ్రమని మనకు తెలుసు. కంటికి కనబడేది దీర్ఘవృత్తం. దాని రెండు కొనలూ బాదంపప్పులా సూదిగా ఉండవు, అక్కడ కూడా గీత వంపు తిరగాలి. పై నుంచి చూస్తున్నప్పుడు నోటి కంటే అడుగు మరికాస్త గుండ్రంగా కనబడుతుంది, ఎందుకంటే అది కంటి మట్టానికి ఇంకా కిందకు ఉంది. నోటిని గుండ్రంగా, అడుగును తిన్నని గీతగా వేస్తే గ్లాసు బల్ల మీద నిలబడదు. ఉల్లిపాయ వెనక దాగిన అడుగు భాగాన్ని కూడా లేతగా పూర్తిగా గీసి, తర్వాత చెరిపేయండి. గ్లాసు మధ్యగా నిలువు గీత ఒకటి గీసి, రెండు పక్కలూ సమానమో కాదో చూసుకోండి.

ఉల్లిపాయకు గీత కష్టం కాదు. వేళ్లున్న అడుగు, ఎండిన మెడ, ఈ రెండింటినీ కలిపే ఊహాగీత ఎటు వాలిందో చూస్తే చాలు.

ఇక వస్తువుల మధ్యనున్న ఖాళీల ఆకారాలు గీసి చూడండి. గ్లాసుకూ నిమ్మకాయకూ మధ్యనున్న ఖాళీకి పేరు లేదు కాబట్టి దాని ఆకారం గురించి మనకు ముందే ఏర్పడిన అభిప్రాయం కూడా లేదు. అందుకే కన్ను దాన్ని ఉన్నదున్నట్టు చూస్తుంది.

ఛాయలు తేల్చుకోవడం

రంగు తీయకముందే, అగ్గిపెట్టె అంత చిన్న బొమ్మలు రెండు మూడు వేయండి. కళ్లు చికిలించి చూస్తే చిన్న వివరాలు మాయమై పెద్ద ముద్దలు మిగులుతాయి. వాటిని మూడే ఛాయల్లో నింపండి: లేత, మధ్య, ముదురు. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. తర్వాత బొమ్మ చప్పగా ఉందని రంగుల మీద రంగులు పులుముతారు. చప్పదనానికి కారణం నూటికి తొంభై పాళ్లు ఛాయలే, రంగులు కావు.

చికిలించినప్పుడు ఒక సంగతి గమనించండి. వస్తువు నీడవైపు, అది గుడ్డ మీద పరిచిన నీడ తరచు ఒకే ముద్దగా కలిసిపోతాయి. వాటి మధ్య గీత ఉందని మనకు తెలుసు, కానీ కన్ను దాన్ని చూడటం లేదు. ఆ కలిసిన ముద్దను కలిసినట్టే వేయండి.

రంగులు, కుంచెలు

తెలుపు, నిమ్మపసుపు, యెల్లో ఓకర్ (మట్టి పసుపు), ఒక ఎరుపు, అల్ట్రామెరీన్ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ). ఈ ఆరింటితో మన బొమ్మ పూర్తవుతుంది. నలుపు అక్కర్లేదు. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపితే నలుపుకు దగ్గరైన లోతైన ముదురు వస్తుంది. నీలం పెంచితే చల్లని బూడిద రంగు, సియెన్నా పెంచితే వెచ్చని గోధుమ రంగు. స్టీలు గ్లాసు మొత్తం ఈ రెండు రంగులూ తెలుపూ కలిపి వేయవచ్చు.

బల్లపరుపు మొన ఉన్న కుంచెలు రెండు, ఒకటి వెడల్పుది, ఒకటి సన్నది. మొన ఉన్న గుండ్రటి కుంచె ఒకటి. కాగితం చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్నదైతే తడికి అంతగా ముడతలు పడదు. యాక్రిలిక్ రంగు, ప్యాలెట్ (రంగులు కలిపే పలక) మీదే ఎండిపోతుంది కాబట్టి, తడిపిన గుడ్డ మీద వెన్నకాగితం పరిచి దాని మీద రంగులు పెట్టుకోండి.

తెల్ల కాగితం మీద నేరుగా మొదలుపెట్టకండి. బర్న్ట్ సియెన్నాను నీళ్లలో పలుచన చేసి కాగితమంతా పూసి ఆరనివ్వండి. తెల్లదనం పక్కన ప్రతి రంగూ ముదురుగా కనబడి మోసం చేస్తుంది. మధ్య ఛాయ మీద అయితే లేతా ముదురూ రెండూ సరిగ్గా తెలుస్తాయి. నీటి రంగులు వాడేవారికి ఈ మెట్టు లేదు. వారికి కాగితపు తెలుపే వెలుగు, మెరుపు చుక్కల చోట్లను మొదటి నుంచీ ముట్టకుండా కాపాడుకోవాలి. నూనె రంగుల వారు కింది పొరలో నూనె తక్కువగా, పై పొరల్లో ఎక్కువగా ఉంచుకోవాలి, లేదంటే కొన్నాళ్లకు పై పొర పగుళ్లిస్తుంది.

తినే వస్తువుల దగ్గర రంగులు పెట్టుకుంటున్నాం కాబట్టి ఒక హెచ్చరిక. కుంచె మొనను నోటితో సవరించకండి. కాడ్మియం అనే విషపు లోహం నిజంగా ఉన్న రంగులు ఒంట్లోకి వెళ్లకూడదు. బొమ్మకు వాడిన పండ్లను తర్వాత తినకండి, కుంచెలు కడిగిన కప్పును మళ్లీ వంటింట్లోకి పంపకండి.

ఇప్పుడు కోయండి

వెనక గోడ, గుడ్డ, నీడలు, ఉల్లిపాయ, గ్లాసు, అన్నిటినీ వెడల్పు కుంచెతో ఒక్కో చదునైన రంగుగా ముందు కప్పేయండి. వివరాలు ఏవీ వద్దు. ఇరవై నిమిషాల పని. చుట్టూ ఉన్న ఛాయలు కాగితం మీద ఉంటేనే నిమ్మచెక్క ఎంత లేతగా ఉండాలో తెలుస్తుంది.

నిమ్మచెక్కకు కావలసిన నాలుగైదు రంగులను కలిపి పెట్టుకోండి. అప్పుడు కాయను కోసి, ఒక చెక్కను గుర్తు మీద ఉంచండి. ఇక్కడి నుంచి నలభై నిమిషాలు ఫోను ముట్టకండి.

గుజ్జు రంగు మనం అనుకునేంత పసుపు కాదు. తెలుపు ఎక్కువగా, నిమ్మపసుపు కొంచెం, లవలేశం ఓకర్. పైతొక్క పసుపే ముదురు. తొక్కకూ గుజ్జుకూ మధ్యనున్న తెల్లని వలయాన్ని గొట్టంలోంచి తీసిన తెలుపుతో వేయకండి. వెలుగువైపు వెచ్చని తెలుపు, నీడవైపు కాస్త నీలం కలిసిన బూడిద తెలుపు. ముందు గుజ్జునంతా ఒకే రంగుతో కప్పి, తొనల మధ్య పొరలను లేత రంగుతో తర్వాత తీయండి. తొనలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. అవి సమానంగా ఉండవు, కేంద్రం కూడా సరిగ్గా మధ్యలో ఉండకపోవచ్చు. సైకిలు చక్రం ఆకుల్లా సమానంగా గీస్తే అది నిమ్మచెక్క కాదు, నిమ్మచెక్క గుర్తు మాత్రమే. ముఖం ఓరగా ఉంది కాబట్టి కొన్ని తొనలు వెడల్పుగా, కొన్ని సన్నగా నొక్కుకుపోయి కనబడతాయి. వాటిని అలాగే వేయండి. గుజ్జు మీది తడి మెరుపులను చిన్న చిన్న మచ్చలుగా వెంటనే పెట్టేయండి. మెరుపులు చివర్లో పెట్టాలన్నది మామూలు నియమమే గానీ, ఇక్కడ చివరి దాకా అవి ఉండవు.

నీడవైపు పసుపును ముదురు చేయడానికి నలుపు కలిపితే అది ఆకుపచ్చకు తిరుగుతుంది. ఓకర్, బర్న్ట్ సియెన్నా, ఎరుపూ నీలమూ కలిపి చేసిన చిటికెడు ఊదా కలపండి. కలిపిన రంగు సరైనదో కాదో తెలియకపోతే, కుంచె మొన మీది రంగును చెయ్యి చాచి ఆ వస్తువుకు అడ్డంగా పట్టి చూడండి. తేడా వెంటనే తెలిసిపోతుంది.

గడువులోగా పూర్తి కాకపోతే? రెండో చెక్కను కోయకండి. ఏ రెండు చెక్కల తొనలూ ఒకేలా ఉండవు, సగం ఒకటీ సగం ఇంకోటీ అతుకులా కనబడుతుంది. దాని బదులు అదే ముఖం మీద నీళ్లు చిలకరిస్తే కొంత మెరుపు తిరిగి వస్తుంది. కోసిన ఆపిల్ అయితే ముఖానికి నిమ్మరసం రాసి ఉంచితే రంగు మారడం ఆలస్యమవుతుంది. ఆకుకూరలు వాడేటట్టయితే కాడలను తడిగుడ్డలో చుట్టి, వేసే సమయానికే బయటకు తీయండి.

మార్పుతో పోటీపడటం ఇష్టం లేకపోతే దాన్నే విషయంగా తీసుకోవచ్చు. 1600 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో వేసిన పండ్ల బుట్టలో ఆపిల్‌కు పురుగు రంధ్రం ఉంది, ఆకులు ఎండి ముడుచుకున్నాయి. ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ చాలా నెమ్మదిగా వేసేవాడు. పూలు వాడిపోయేంత కాలం పట్టేది కాబట్టి కాగితపు పూలు పెట్టుకొని వేసిన సందర్భాలున్నాయి. అమెరికా చిత్రకారుడు వేన్ థీబో కేకుల వరసలను చాలావరకు జ్ఞాపకం నుంచే వేశాడు. రంగును కేకు మీది క్రీములాగే మందంగా పూసి, నీడలను బూడిద రంగుకు బదులు నీలంతో నింపాడు.

ఉల్లిపాయ

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. ఉల్లిపాయ పైపొర ఒకే రంగు కాదు. గులాబీ, రాగి, గోధుమ, అక్కడక్కడ లేత ఊదా. పైపొర చిట్లి లేచిన చోట వెలుగు దానిలోంచి దూరి నారింజ రంగులో మండుతున్నట్టు ఉంటుంది.

ముందు దాన్ని ఉత్త బంతిలా వేయండి. వెలుగుభాగం, నీడలోకి తిరిగే మధ్యభాగం, నీడభాగం. నీడభాగపు కింది అంచున గుడ్డ మీద నుంచి ఎగిరొచ్చిన మసక వెలుగు ఉంటుంది. అది ఎప్పుడూ వెలుగుభాగం కంటే ముదురే. దాన్ని ఎక్కువ చేస్తే బంతి గుండ్రదనం పోతుంది. బంతి ఆరాక చారలు. అవి అడుగున వేళ్ల దగ్గర పుట్టి, నడుము దగ్గర విడిపోయి, మెడ దగ్గర మళ్లీ కలుస్తాయి. ప్రతి చారా బంతి వంపును అనుసరించాలి. అన్నీ వేయనక్కర్లేదు. వెలుగు నీడలోకి తిరిగే పట్టీలో నాలుగైదు స్పష్టంగా వేసి, మిగతావి సూచించి వదిలేయండి. గరుకుదనం కన్ను చూసేది ఆ పట్టీలోనే. నిండు వెలుగులోనూ నిండు నీడలోనూ అది మాయమవుతుంది. నారింజ, నిమ్మ తొక్కల గుంటలకైనా, రొట్టె గరుకుకైనా ఇదే పద్ధతి.

లేచిన పొరకు రంగును నీళ్లతో పలుచన చేసి, కింది రంగు కనబడేలా ఒక్క పూతగా వేయండి. దాని అంచుకు మాత్రం మొనకుంచెతో ఒకే గీత, వణకకుండా.

గ్లాసు

దీన్ని చివరికి ఉంచాం కదా. స్టీలుకు సొంత రంగు లేదు. దాని మీద కనబడేదంతా చుట్టూ ఉన్నవాటిదే. కిటికీ ఒక నిలువు తెల్ల పట్టీ, ముదురు గుడ్డ ఒక నల్ల పట్టీ, ఉల్లిపాయ ఒక సాగిన ఎర్రటి మరక, నిమ్మచెక్క ఒక పసుపు చార. ఆ పసుపు అసలు నిమ్మచెక్క కంటే కాస్త మందకొడిగా ఉంటుంది. ‘గ్లాసు వేస్తున్నాను’ అనుకోకుండా ఈ పట్టీల ఆకారాలను పటంలోని సరిహద్దుల్లా ఒక్కొక్కటిగా నింపండి. పట్టీల మధ్య అంచులు చాలావరకు పదునుగా ఉంటాయి. మెరిసే లోహానికి గుర్తు అదే: ముదురు పక్కనే, మధ్యఛాయ లేకుండా, లేత.

తలను ఒక అంగుళం కదిపినా ఈ పట్టీలన్నీ మారతాయి. అందుకే కుర్చీ కాళ్లకు టేపు అంటించమన్నాను. ఆ పట్టీల్లో ఎక్కడో మీరూ ఉంటారు. 1612లో క్లారా పీటర్స్ అనే చిత్రకారిణి వేసిన బొమ్మలో బంగారు పూత పూసిన పాత్ర ఉబ్బుల మీద, ప్యాలెట్ పట్టుకున్న ఆమె రూపం చిన్నచిన్నగా పలుమార్లు ప్రతిఫలిస్తుంది. మీ చొక్కా రంగు గ్లాసులో కనబడితే దాన్నీ వేయండి. రెండో రోజు కూడా అదే చొక్కా వేసుకోండి.

గాజు గ్లాసైతే ముందు దాని వెనక ఏముందో అది పూర్తిగా వేయాలి. తర్వాత అంచుల వెంబడి ముదురు గీతలు, అడుగున మందపాటి గాజులో వంకర తిరిగిన రంగులు, ఆపైన ఒకటి రెండు మెరుపులు. అంతే.

నీడలూ అంచులూ

వస్తువు గుడ్డను తాకే చోట సన్నని చీకటి గీత ఉంటుంది. అది లేకపోతే వస్తువు గాలిలో తేలుతుంది. అక్కడి నుంచి నీడ దూరం జరిగేకొద్దీ లేతబడుతుంది, అంచు కూడా మెత్తబడుతుంది. కాబట్టి నీడను ఒకే ముదురుతో కత్తిరించి అతికించినట్టు వేయకండి. కిటికీ వెలుగు చల్లగా ఉంటే నీడలు వెచ్చగా, పసుపు దీపం కింద నీడలు నీలంగా కనబడతాయి. నిమ్మచెక్క దగ్గరి నీడలో కొంచెం పసుపు కూడా దూరి ఉంటుంది, వెతకండి.

అన్ని అంచులూ పదునుగా ఉంటే బొమ్మ కాగితం బొమ్మల అతుకులా ఉంటుంది. ఉల్లిపాయ నీడవైపు అంచును వెనకనున్న ముదురులోకి తడికుంచెతో కొంచెం కరిగించండి. పదును నిమ్మచెక్క దగ్గర ఉంచండి, కన్ను అక్కడికే వెళ్లాలని మనం అనుకున్నాం కాబట్టి.

యాక్రిలిక్ ఆరాక కొంచెం ముదురవుతుంది, నీటి రంగు లేతబడుతుంది. అందుకే ఆరకముందే సరిదిద్దడానికి తొందరపడకండి. మూడు మీటర్లు వెనక్కి వెళ్లి చూడండి. ఆ తర్వాత బొమ్మను అద్దంలో చూడండి. ఒరిగిన గ్లాసు, వంకరపోయిన దీర్ఘవృత్తం అద్దంలో ఇట్టే దొరికిపోతాయి.

అన్నీ అయ్యాక గ్లాసు అంచు మీద, ఉల్లిపాయ భుజం మీద మెరుపు చుక్కలు. ఉల్లిపాయకు ఒకటి చాలు, అది కూడా ఉత్త తెలుపు కాదు. గ్లాసుకు రెండో మూడో. ఒక్క తాకిడితో పెట్టి, మళ్లీ ముట్టకండి.

నిమ్మచెక్కను పారేసి గ్లాసును కడిగి లోపల పెట్టేయండి. ఉల్లిపాయను మాత్రం సుద్ద గుర్తు మీదే వదిలేయండి. కొన్ని వారాలకు దాని మెడలోంచి పచ్చని మొలక వస్తుంది, పైపొరలు వదులై ముడతలు పడతాయి. అప్పుడు అరచేయంత కాగితం తీసుకొని, కుర్చీని కిటికీకి రెండో వైపు వేసుకొని, ఈసారి మొలకతో మొదలుపెట్టండి. అది రోజు రోజుకూ పెరుగుతుంటుంది.